తోక మొలిచిన చుక్క

పోయిన వారం వసుధను కుప్పం బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, అప్పట్నుంచీ అలాగే కూర్చుని ఉంది. ఆమెను దింపేముందు, మధ్యలో చేరినవాళ్ళ కోసమూ, సంచికను పక్కింటివాళ్ళకిచ్చి తిరిగి తెచ్చుకోలేకపోయినవాళ్ళ కోసమూ నాలుగు ముక్కలు చెప్పాలి.

మదనపల్లెలో ఒక కాలేజీ ఉంది, ఆ కాలేజీలో ఒక చిన్న ఎక్స్‌రే ల్యాబు ఉంది. వేరుశనగ గింజను కోయకుండా లోపలి మొలకను చూడాలని ఆ ల్యాబు పెద్ద మునిరత్నం గారి కోరిక. దానికి ఎక్స్‌రేలను ఒక్క చుక్క మీదికి చేర్చే లెన్సు కావాలి. ఎక్స్‌రే మహా మొండిది, ఒక లెన్సుకు లొంగి వంగే రకం కాదు. అందుకని రెండు వైపులా గుంట నొక్కిన పదకొండు అల్యూమినియం బిళ్ళలను ఒకదాని వెనక ఒకటి ట్యూబులో పేర్చి, అన్నిట్లోంచీ దూర్చి, కొంచెం కొంచెంగా వంచారు. అంత చేసినా చుక్క చుట్టూ ఒక మసక వలయం మిగిలిపోయింది. ఇక మిగిలిన దారి ఒకటే. లెన్సులో తప్పు ఎక్కడ ఎంత ఉందో కొలిచి, దానికి సరిగ్గా ఎదురు తప్పును ఒక రెసిన్ ప్లేటులో మలిచి ముందు నిలబెట్టడం. చూపు తేడా ఉన్నవాళ్ళకు కళ్ళద్దాలు పెట్టినట్టే. ఆ ప్లేటు మలిచినవాడు వర్క్‌షాపు టెక్నీషియన్ మోషే.

ప్లేటు పెట్టిన రోజు చుక్కకు తోక మొలిచింది. పక్కకు వాలిన పొడుగాటి తోక. ప్లేటు పనికిరాదు, చేసినవాడికి పని రాదు అని మునిరత్నం గారు ల్యాబు మీద పెత్తనం ఉన్న బెంగళూరు కమిటీకి రిపోర్టు పంపేశారు. సోమవారం పొద్దున కమిటీ వస్తుంది, మోషే ఉద్యోగం ఆ రోజుతో సరి. మోషే ఒక్క మాట ఎదురాడకుండా సంచి భుజాన వేసుకుని కుప్పం వెళ్ళిపోయాడు. కమిటీ వచ్చేలోగా ఆ రిపోర్టు మీద పరిశోధకురాలిగా వసుధ సంతకం కూడా ఉండాలి. పెట్టకుండా ఆమె బస్సెక్కింది. అదీ సంగతి.

కుప్పం దగ్గర మిషన్ ఆసుపత్రి క్వార్టర్సులో మోషే ఇల్లు. అతని భార్య ఇందిర ఆ ఆసుపత్రిలో నర్సు. వసుధ వెళ్ళేసరికి మోషే అరుగు మీద కూర్చుని వార్డులో రోగులకు ఊపిరి అందించే గాలి యంత్రం పాడైతే దాన్ని విప్పి బాగు చేస్తున్నాడు. ఉద్యోగం పోతున్నా చేతులు ఊరుకోవు కదా. వసుధను చూసి లేచి నిలబడ్డాడు గాని ఎందుకొచ్చావని అడగలేదు.

“మోషేన్నా, ముందు ఇది సూడు. తర్వాత మాట్లాడుకుందాం.” వసుధ ఫోను అతని ముందు పెట్టింది. “ఇది ప్లేటు పెట్టకముందు. ఇది పెట్టినాక. రెండో బొమ్మలో వలయం యాడుండాది?”

మోషే చూశాడు. “లేదు మేడం.”

“లేదు. తుడిచిపెట్టినట్టు పోయింది. నీ ప్లేటే తప్పయితే వలయం యాల పోతాది? ప్లేటును నాలుగు పక్కలకూ తిప్పి చూసినా. తోక ఉన్నచోట్నే ఉండాది, కదల్యా. అంటే తోక ప్లేటుది కాదు, లెన్సుది. మనం కొలిచినప్పుడు లెన్సు ఒక మాదిరి ఉండింది, ప్లేటు పెట్టేసరికి ఇంకో మాదిరి అయింది. మధ్యలో ఎవురో ఇప్పినారు. ఎవురు?”

మోషే చేతిలోని స్క్రూను అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. గడప దగ్గర్నుంచి ఇందిర అందుకుంది.

“నువ్వు చెప్తావా, నేను చెప్పల్నా? రాత్రి నిద్దర పోకుండా గొణుగుతాంటే నాకు వినపడలేదు అనుకుంటాండావా?”

“నువ్వు ఊరుకో ఇందిరా.”

“యాల ఊరుకోవాల? హర్షిత ఇస్కూలుకు పోతా పోతా, నాయనకు సెలవులా అని అడగతాంది. దానికేం చెప్పాల నేను?”

కూతురి పేరు వినగానే మోషే ముఖం వాడిపోయింది. స్క్రూను అరుగు మీద పెట్టి, నేల చూస్తూ చెప్పాడు. “ఆయుధ పూజ రోజు మేడం.”

ఆయుధ పూజ వస్తే ఈ వైపు ఊళ్ళలో కడగని ఇనుము ఉండదు. ట్రాక్టరు మొదలు కుట్టుమిషను దాకా స్నానాలు, గంధం బొట్లు, గుమ్మడికాయలు. ల్యాబు మాత్రం ఎందుకు మినహాయింపు అవుతుంది? ఆ రోజు వసుధ తంబళ్లపల్లెలో సొంత చేను గట్టు మీద బోరు మోటారుకు దండ వేస్తోంది. ల్యాబులో పూజ మునిరత్నం గారు స్వయంగా చేశారు.

“సార్ తలంటు పోసుకోని వచ్చినాడు. లెన్సు ట్యూబు ఇప్పి బిళ్ళలన్నీ తట్టలో పెట్టినాడు. ఒక్కొక్కటే స్పిరిట్టుతో తుడిచి, అంచుకు బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, మళ్ళీ బొట్టు తుడిచేసి ట్యూబులో పెట్టినాడు. ఎంత శ్రద్ధగా చేసినాడో! నేను వర్క్‌షాపు వాకిట్లో నిలబడి చూస్తానే ఉండా. పండగ పోయినాక ప్లేటు బిగించేదానికి మూత తీస్తే గాట్లన్నీ ఒకే వరసలో ఉండాయి.”

వసుధకు తోక సంగతి తెలిసిపోయింది. బిళ్ళలన్నీ ఒకే అచ్చుతో నొక్కినవి. ఆ అచ్చు పిసరంత ఒక పక్కకు వాలి ఉంది కాబట్టి ప్రతి బిళ్ళలోనూ అదే వాలు ఉంది. వాలు ఎటో తెలియడానికి అంచున చిన్న గాటు పెట్టారు. మొదట పేర్చినప్పుడు గాట్లు తలో దిక్కుకూ ఉండేవి, ఒకదాని వాలును ఇంకొకటి చాలా మటుకు సరిపెట్టేది. ఇప్పుడు పదకొండూ ఒకే పక్కకు వాలాయి. తోక మొలవక ఏం చేస్తుంది?

“ఆ పొద్దే యాల చెప్పల్యా మోషేన్నా?”

“ఏమని చెప్పేది? పూజ చేసినారు, లెన్సు చెడిపోయింది అనా? ఆ మాట ఎవురన్నా చెప్పొచ్చు మేడం. నేను చెప్తే అది వేరే మాట అయిపోతాది. ఆ పొద్దు సార్ నా బల్ల కాడికి వచ్చి, ‘నీకు బొట్టు వద్దని తెలుసప్పా, బొరుగులన్నా తిను’ అని దోసిట్లో పోసినాడు. ఇన్నేండ్లలో మా దేవుని గురించి ఒక్క మాట అననోడు. ఆయన ముందర నిలబడి మీ పూజ వల్లే అని ఎట్ల అనేది? ఒక్కసారి ఇప్పి చూస్తా సార్ అని మటుకు అడిగినా. ‘నా చేత్తో బిగించినా, ముట్టుకోవాకు’ అన్నాడు. నేను ముట్టుకోల్యా.”

వసుధకు అతని మీద కోపం వచ్చింది. మంచితనానికి కూడా ఒక హద్దు ఉండొద్దూ? తనను దొంగను చేసినట్టు చేసి పంపినా, మునిరత్నం గారి మనసు నొచ్చుకుంటుందని నోరు కట్టేసుకున్నాడు.

“విను. పూజ అనే మాట నేను ఎత్తను. నువ్వూ ఎత్తొద్దు. గాట్ల గురించి ఒక్క ప్రశ్న అడగతా, అంతే. కానీ నువ్వు నాతో రావాల. నువ్వు రాకుంటే నేను ఈ అరుగు దిగను.”

మోషే ఇంకా ఏదో అనబోయాడు. అప్పటికే ఇందిర అతని సంచి తెచ్చి వసుధ చేతికిచ్చేసింది.

మునిరత్నం గారిల్లు పుంగనూరులో. కుప్పం నుంచి మదనపల్లెకు పోయే దారిలోనే కాబట్టి మధ్యలో దిగారు. సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. లోపలికి రమ్మంటే మోషే రానన్నాడు. గేటు బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాడు.

మునిరత్నం గారి ఇల్లు చూస్తే ఎవరికైనా కాస్త భయం వేస్తుంది. గుమ్మం ముందు చెప్పులన్నీ ఒక గీత మీద ఉంటాయి. బల్ల మీద పెన్నులు ఎత్తు ప్రకారం నిలబడి ఉంటాయి. వంటింటి డబ్బాల మూతల మీద అక్షరాలన్నీ ఒకే వైపు చూస్తుంటాయి. ఆయన భార్య ప్రసన్నలక్ష్మి కాఫీ తెచ్చి వసుధ ముందు పెడితే, ఆయన చెయ్యి చాపి గ్లాసును బల్ల మధ్యకు జరిపారు.

“చూసినావా?” అంది ప్రసన్నలక్ష్మి నవ్వుతూ. “పెండ్లి అయినప్పట్నుంచీ నన్నొక్కదాన్నే ఈయన వరసలో పెట్టలేకపోయినాడు.”

ఆమె లోపలికి వెళ్ళాక మునిరత్నం గారు చెయ్యి చాపారు. “సంతకం పెట్టి తెచ్చినావా?”

“లేదు సార్. పెట్టను.”

“వసుధా! మోషే అంటే నీకు అభిమానం ఉండాదని తెలుసు. నాకు లేదా? వాణ్ణి పనిలోకి తెచ్చిందే నేను. అభిమానం పెడితే చుక్క గుండ్రంగా వస్తాదా? కమిటీకి చుక్క చూపించాలమ్మా, మన మనసులు కాదు.”

“చుక్కే చూపిస్తా సార్.” వసుధ ఫోను ఆయన ముందు పెట్టింది. వలయం పోయిందని చూపింది. ప్లేటు తిప్పినా తోక కదలలేదని చెప్పింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. చూసేకొద్దీ గొంతు పెరిగింది.

“అయితే ఏమంటావు? లెన్సు తప్పంటావా? మొన్నటి దాకా తోక లేని లెన్సుకు ఉన్నట్టుండి తోక యాడినుంచి వస్తాది? తాకినోడు ఎవడూ లేడే!”

“బిళ్ళలు ఆఖరున పేర్చింది మీరే గదా సార్?”

“నేనే. అయితే?”

“గాట్లు ఏ పక్కకు వచ్చేట్టు పేర్చినారు సార్?”

అడిగింది అంతే. ఆయనకు కోపం పోయి ముఖం వెలిగిపోయింది. ఎవరైనా ఎప్పటికైనా ఆ సంగతి అడుగుతారా అని ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు.

“ఇప్పటికన్నా అడిగినావు! మీరు పెట్టుండేది చూస్తే నాకు తల తిరిగిపోయింది వసుధా. ఒక గాటు పైకి, ఒకటి కిందికి, ఒకటి ఎక్కడికో. చదువుకున్నోళ్ళు పెట్టే పద్ధతేనా అది? ఒక్కొక్కటే తీసి, తుడిచి, గాట్లన్నీ నేరుగా పైకే వచ్చేట్టు ఒకే వరసలో...”

మాట అక్కడ ఆగిపోయింది.

వసుధ ఇంకేమీ అనాల్సిన పని లేదు. ఆ అచ్చు గీయించింది ఆయన, వాలు కనిపెట్టింది ఆయన, ఆ వాలును లెక్కగట్టడం వసుధకు నేర్పింది కూడా ఆయనే. ఇప్పుడు ఆ లెక్కంతా ఆయన కళ్ళ ముందే జరుగుతోంది.

“అచ్చు ఒకటే,” అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

“ఒకటే సార్.”

“వాలూ ఒకటే.”

“అవును సార్.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అడ్డంగా పెట్టారు, సరిచెయ్యలేదు. వసుధకు ఆ క్షణం ఆయన్ని చూస్తే జాలేసింది. గెలిచినట్టు లేదు. సొంత తండ్రి తడబడితే చూసినట్టు ఉంది. అయినా వెనక్కు తగ్గే ఉద్దేశం ఆమెకు లేదు.

“మోషేకి తెలుసా?” అని అడిగారాయన.

“గేటు కాడ ఉండాడు సార్.”

మునిరత్నం గారు చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి నడిచారు. మోషే వేపచెట్టు కింది నుంచి రెండడుగులు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

“గాట్లు చూసినావు గదా నువ్వు. యాల చెప్పల్యా మోషే?”

“ముట్టుకోవాకన్నారు గదా సార్.”

“నేను అడిగేది అది కాదప్పా. నోటితో చెప్పేదానికి ఏమొచ్చింది?”

మోషే తల దించుకున్నాడు. వసుధ వైపు ఒకసారి చూశాడు, మాట తప్పనన్నట్టు. ఆ చూపులోనే మునిరత్నం గారికి మొత్తం అర్థమైపోయింది. ఆయన కళ్ళు తడి అయ్యాయి. దాచుకోవాలని కూడా చూడలేదు.

“నా పండగ నాకు ముఖ్యమని, నా పూజను పల్లెత్తు మాట అనకూడదని, నీ ఉద్యోగం పోతాన్నా నోరు ఇప్పల్యా నువ్వు. పూజలో తప్పేం లేదు మోషే. బిళ్ళలు వరసలో పెట్టింది నా పిచ్చి. ఇప్పి కూడా చూడకుండా నీ పేరు రాసి పంపినానే, అది తప్పు. అది నాది.”

అక్కడే నిలబడి ఫోను తీశారు. బెంగళూరు కమిటీ పెద్ద గంగులయ్య గారికి కలిపి, ఇద్దరికీ వినబడేట్టు పెట్టారు. తాను పంపిన రిపోర్టు తప్పని, ప్లేటులో లోపం లేదని, లెన్సును పాడు చేసింది తన చేతులేనని సాగదీయకుండా చెప్పారు. 

“మునిరత్నం గారూ, మీ మనిషిని కాపాడుకోవాలని ఇలా అంటున్నారేమో నాకెలా తెలుస్తుంది?” అన్నారు గంగులయ్య. “సోమవారం మేమొచ్చేసరికి అదే లెన్సు, మీ మోషే మలిచిన ప్లేటు పెట్టి గుండ్రటి చుక్క చూపించండి. చూపిస్తే పాత రిపోర్టు నేనే చించేస్తాను. చూపించలేకపోతే అది అలాగే ఉంటుంది. మీ గురించి కూడా మేం మాట్లాడుకోవాల్సి వస్తుంది.”

ఫోను పెట్టేయగానే మునిరత్నం గారికి ఎక్కడలేని ఊపు వచ్చింది. “పదండి. బిళ్ళలు మళ్ళీ ముందు ఎట్లుండెనో అట్ల తిప్పేసి ప్లేటు బిగిద్దాం.”

“ముందు ఎట్లుండెనో ఎవురికి తెలుసు సార్?” అంది వసుధ.

ఎవరికీ తెలియదు. తలో దిక్కుకు పెట్టినవాళ్ళు ఏ దిక్కుకు ఏది పెట్టారో గుర్తు పెట్టుకోలేదు. అది చాలదన్నట్టు మోషే గొంతు సవరించుకున్నాడు.

“సార్, ప్లేటు కూడా లేదు.”

“లేకుండా యాడికి పోయింది?”

“కాల్చేసినా. పనికిరాని ప్లేటు ఆ సాయంత్రానికే ఫర్నేసులో పెట్టి రెసిన్ కాల్చేసి, కింది సిలికాన్ పలక కడిగి పెట్టాలని మీరు పెట్టిన రూలే గదా సార్. పలక మటుకు శుభ్రంగా ఉండాది.”

మునిరత్నం గారు మెట్టు మీద కూలబడ్డారు. పాపం, ఆయన పద్ధతులన్నీ కలిసి ఒకే రోజు ఆయన్ని చుట్టుముట్టాయి. మోషే ఏదో నేరం చేసినట్టు నిలబడ్డాడు. వసుధ మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మంచిదే అయింది,” అంది.

ఆమెకు మతి పోయిందా అన్నట్టు చూశారిద్దరూ.

“నిజంగానే సార్. పాత ప్లేటు ఉండుంటే దానికోసం పాత లెన్సును వెతుక్కుంటా తిరగాల. ఇప్పుడా బాధ లేదు. బిళ్ళలు తిప్పొద్దు. మీరు పెట్టినట్టే, ఒకే వరసలోనే ఉండనీండి. ఎంత వాలితే ఏం? అది కదలకుండా ఉంటే చాలు. ఇప్పుడే పోయి దాని ముందర గరుకు కాగితం పెట్టి, కెమెరాలో పడే దాని మచ్చలు లెన్సు వల్ల ఎంత పక్కకు జరిగినాయో కొలుస్తా. వలయాన్నీ తోకనూ కలిపి ఒకే ప్లేటులో ఎదురు తిప్పుదాం. గంగులయ్య గారు అడిగింది అదే లెన్సు, మోషే మలిచిన ప్లేటు. రెండూ చూపిద్దాం.”

మునిరత్నం గారు తలెత్తారు. ఆయన పెదవులు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటున్నారు. “కుదరతాది,” అన్నారు. “తోక ఎంత పెద్దదైనా, దానికి ఎదురు నిలిచేంత మందం ప్లేటులో మలచొచ్చు. మోషే, రెసిన్ ఎంత ఉండాది?”

“ఒక్క ప్లేటుకు వస్తాది సార్. తప్పు పోతే రెండోదానికి లేదు.”

“ప్లేటు మలిచే మిషను ఎంత సేపు తీసుకుంటాది?”

“పొర మీద పొర గట్టిపడాల గదా. ఒక రాత్రి, ఒక పగలు.”

ముగ్గురికీ ఒకేసారి తట్టింది. రేపు ఆదివారం. మోషే ఆదివారం వర్క్‌షాపు తాళం తీయడు. ఏనాడూ తీయలేదు. మునిరత్నం గారు ఏనాడూ తీయమనలేదు.

“నేను అడగను,” అన్నారాయన. “నాకు అడిగే ముఖం లేదు.”

మోషే పొద్దు వైపు చూశాడు. “ఈ పొద్దు శనివారమే గదా సార్. పొద్దు పోకముందే పోదాం. మేడం కొలిచి ఇస్తే, నేను రెసిన్ పోసి మిషన్ ఆన్ చేసి, ఆఖరి బస్సుకు పోతా. నేను ప్రార్థనకు గుళ్ళో ఉన్నంత సేపూ అది దాని పని అది చేసుకుంటాది. సోమవారం తెల్లారేసరికి వచ్చి కడిగి బిగిస్తా. కాకుంటే, రాత్రి కరెంటు పోదు గానీ, పగలు పోతే మళ్ళీ మీట నొక్కేదానికి రేపంతా ఎవురో ఒకరు ఆ గదిలో కాపలా ఉండాల. ఒక్కరే. ఇద్దరుంటే దుమ్ము లేస్తాది. తొట్టిలో రెసిన్ మీద నలుసు పడినా, చెయ్యి తగిలినా, ప్లేటు పోయినట్టే.”

“నాకు కుదరదు,” అంది వసుధ. “సోమవారానికి ట్యూబూ కెమెరా సరిచేసుకోవాల. ఎక్స్‌రే గదిలోంచి బయటికే రాలేను.”

“నేను కూర్చుంటా,” అన్నారు మునిరత్నం గారు లేచి నిలబడి. ఆ మాటలో మళ్ళీ పాత అధికారం వినిపించింది. “నా ఉద్యోగం, మోషే ఉద్యోగం రెండూ ఆ తొట్టిలోనే ఉండాయి. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కదలకుండా కూర్చుంటా.”

మోషే ఆయన వైపు చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి, పెద్దాయనకు ఆర్డరు వేశాడు.

“కూర్చోండి సార్. కానీ దేన్నీ తుడవాకండి.”

“తుడవను.”

“ఏదన్నా వంకరగా కనపడినా సరిచేయాకండి.”

“చేయనప్పా. మాటిస్తాండా.”

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి అంతా విన్న ప్రసన్నలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

“ఈయనా?” అంది. “ఒక పగలంతా? ఏదీ ముట్టుకోకుండా?”